నీ మంచికే

ఏప్రిల్ 9

కీర్తిప్రియ వచ్చింది. ఫోన్ చేయలేదు, కబురు పంపలేదు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. మా మామిడితోట గేటు బయట తెల్లచీరలో నిలబడి, బడికి వెళ్ళేటప్పుడు పిలిచినట్టు “సుప్రజా” అని పిలిచింది. కాయలు లోడు చేస్తున్నవాళ్ళంతా పని ఆపి చూశారు.

నిర్మలపథం ఆశ్రమం వదిలేసి వచ్చిందట. మహాతల్లికి నాలుగేళ్ళు పట్టింది.

అక్కడి గురువు, ఆ దర్శిగారు, ఒకప్పుడు విస్సన్నపేటలో మోటార్లు రివైండింగ్ చేసేవాడు. అతను చుట్టిన మోటారు మళ్ళీ కాలిపోయేది. మా నాన్న రెండుసార్లు ఇచ్చి, మూడోసారి అటువైపు వెళ్ళలేదు. మోటారు విషయంలో ఎవరూ నమ్మని మనిషి తెల్లబట్ట కట్టి, కళ్ళు మూసుకుని, మాటకీ మాటకీ మధ్య ఆగి మాట్లాడేసరికి, బాపులపాడు అవతల తోట ఇచ్చిన భక్తులున్నారు, ఆ తోటలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునే జనం ఉన్నారు. వాళ్ళలో ఎమ్మెస్సీ బోటనీ చదివిన మా కీర్తి ఒకతి.

“ఏం తింటావే?” అన్నాను.

“నువ్వేం పెడితే అది.”

ఒళ్ళు మండింది. పదో తరగతిలో మా అమ్మ పెట్టిన ఉప్మా చూసి “ఆంటీ, ఇది తినను” అని మొహం మీదే చెప్పిన పిల్ల ఇది. పప్పూ, ఆవకాయా పెట్టాను. మొత్తం తిన్నాక కంచం కడగనా అని నా అనుమతి అడిగింది.

ఏప్రిల్ 10

అక్కడ ఈమె పేరు సమర్పణట. నవ్వాను. తను నవ్వలేదు.

ఎందుకు వచ్చేశావంటే వంటింట్లో తనతో పనిచేసే దుర్గ సంగతి చెప్పింది. ఆవిడకి షుగరు. ఇన్సులిన్ వేసుకోవడం దేహం మీద మమకారమని దర్శిగారు సెలవిచ్చారు. దుర్గ మానేసింది. వారం తిరక్కుండా పొయ్యి ముందు పడిపోయింది. చుట్టూ కూర్చుని మౌనం పాటించమన్నారు. కీర్తి మాత్రం లేచి, ఆటో పిలిచి, ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చింది. తిరిగొచ్చాక, ఆ పని చేసినందుకు ఈమెను ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరూ మాట్లాడకూడదన్నారు. ఆ గదికి తాళం లేదట. తలుపు తీసుకుని బయటికి రావడానికి తనకే చాలా కాలం పట్టిందట.

“దుర్గ ఎలా ఉంది?”

“బానే ఉంది. ఆస్పత్రి నుంచి మళ్ళీ అక్కడికే వెళ్ళింది.”

ఇలాంటివాళ్ళ కోసం ఎవరేం చేయగలరు?

ఏప్రిల్ 12

కీర్తికి ఫోన్లు మొదలయ్యాయి. రోజుకో కొత్త నంబరు. తిట్లుంటే బాగుండేది, జవాబు చెప్పొచ్చు. వీళ్ళు తిట్టరు. తేనె పూసిన గొంతుతో “సమర్పణా, నీ ఆసనం ఖాళీగా ఉంది. రోజూ నీ కోసం ఏడుస్తున్నాం” అంటారు. కీర్తి ఫోను చెవికి పెట్టుకుని నిలబడిపోతుంది. కట్ చేయడం కూడా చేతకాదు.

ఫోను లాక్కుని, సిమ్ తీసేసి, నా బీరువాలో పెట్టాను. “నీ మంచికేనే” అన్నాను. తలూపింది. ఆ తర్వాత చాలా కుదుటపడింది. నాకలా అనిపించింది.

ఏప్రిల్ 15

మాస్టారు వచ్చారు.

అందరూ పోయి శ్రీమన్నారాయణ మాస్టారే రావాలా! మాకు ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పినాయన. లెక్క తప్పితే సుద్దముక్క గురిచూసి విసిరేవారు. ఇప్పుడు తెల్ల లాల్చీ, మెడలో ఏదో చెక్కబిళ్ళ, మొహాన అతికించినట్టు ఒక చిరునవ్వు. ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మా గేటుకు ఎదురుగా తూము మీద కూర్చున్నారు.

తిడదామనే బయల్దేరాను. దగ్గరికెళ్ళగానే నోట్లోంచి “నమస్కారం మాస్టారూ” అని వచ్చింది. ముప్పై ఏళ్ళైనా ఆ భయం పోలేదు. సిగ్గులేని నోరు.

“బాగున్నావా అమ్మాయ్? కాపెలా ఉంది?”

“బానే ఉందండీ. మీరిక్కడ...”

“ఏం లేదమ్మా. మా సమర్పణను ఒక్కసారి చూసుకుని వెళ్దామని.”

“కీర్తి రాదండీ.”

“రావద్దులే. మేం ఎవర్నీ బలవంతపెట్టం. ఇక్కడ కూర్చుంటాం. రోడ్డు అందరిదే కదా?”

సాయంత్రం దాకా కూర్చున్నారు. మధ్యలో సన్నగా పాట. ఆ పాట వినిపించినంతసేపూ కీర్తి వంటింట్లో గిన్నెలు తోముతూనే ఉంది. తోమినవే మళ్ళీ తోమింది.

ఏప్రిల్ 17

ఇవాళ కూడా వచ్చారు. వెళ్తూ వెళ్తూ కోతకొచ్చినవాళ్ళతో మాట్లాడి వెళ్ళారు.

అచ్చమ్మ కాయలు గ్రేడింగ్ చేస్తూ నన్ను పక్కకి పిలిచింది. “ఏమండీ, మీ ఇంట్లో ఉన్నావిడకి మతి సరిగా లేదంట కదండీ? మందులేసుకోకుండా పారిపోయొచ్చేసిందంట. కత్తులవీ కనపడకుండా పెట్టుకోమని ఆ పెద్దాయన చెప్పాడండీ. పాపం ఎంత మర్యాదగా చెప్పాడో.”

మర్యాద! ఈ ఊళ్ళో తెల్లబట్ట కట్టుకుని మెల్లగా మాట్లాడితే చాలు, విషం పోసినా గ్లాసు కడిగి మరీ పట్టుకుంటారు.

కోతవాళ్ళకు మజ్జిగ ఇవ్వడానికి కీర్తి వెళితే ఒక్కరూ తీసుకోలేదు. అచ్చమ్మ మాత్రం తీసుకుని, తాగకుండా పక్కన పెట్టింది.

ఏప్రిల్ 18

నాకేం భయం లేదు.

ఏప్రిల్ 19

గేటుకు సీసీ కెమెరా పెట్టించాను. మా ఆయన విజయవాడ నుంచి ఫోన్లో “నీకు భయంగా ఉంటే నేనొస్తా” అన్నాడు. కాయల దొంగల కోసం పెట్టించానని చెప్పాను. కీర్తికి కొన్ని నియమాలు పెట్టాను. గేటు వైపు వెళ్ళకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. అచ్చమ్మతో కబుర్లు చెప్పకూడదు. తెల్లచీర తీసి అవతల పారేయాలి. అన్నిటికీ “సరే” అంది. ఇంత తేలిగ్గా సరే అనే మనిషిని ఆ మోటార్ల మెకానిక్కు మోసం చేశాడంటే వింతేముంది?

ఏప్రిల్ 24

మధ్యాహ్నం గాలివాన. బంగినపల్లి సగం నేల మీదుంది. రసాలు కాస్త నిలబడ్డాయి. ఏడుపు తర్వాత, ముందు ఏరుకోవాలి. అందరం బుట్టలు పట్టుకుని పరిగెత్తాం. కాసేపటికి చూస్తే కీర్తి కూడా తడిసిన చెట్ల కింద ఏరుతోంది. అచ్చమ్మ ఏదో అంది. కీర్తి నవ్వింది. వచ్చిన తర్వాత మొదటిసారి. పచ్చికాయ ఒకటి పైటతో తుడిచి కొరికి, పులుపుకు కళ్ళు చిట్లించింది. అచ్చం పదో తరగతి కీర్తి.

అప్పుడే గేటు దగ్గర తెల్లబట్టలు కనపడ్డాయి. ఒకావిడ ఫోను ఎత్తి వీడియో తీస్తోంది.

“ఎవరు రమ్మన్నారే నిన్ను? లోపలికి పో! చెప్పిన మాట వినవా?” అని అరిచాను. తోటంతా వినపడింది. కీర్తి బుట్ట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నేను గడియ పెట్టలేదు. తలుపు దగ్గరగా వేశానంతే.

ఏప్రిల్ 27

పొద్దున కాఫీ తాగుతూ పోలీసు కంప్లయింట్ ఇద్దామన్నాను. కీర్తి గ్లాసు కింద పెట్టేసింది.

“వద్దు. వాళ్ళ దగ్గర నా వీడియో ఉంది.”

ఏం వీడియో, పాడు వీడియోనా అని అడిగాను. అలాంటిదేం కాదంది. అక్కడ ప్రక్షాళన అని ఒక తంతు ఉంటుంది. చేసిన పాపాలన్నీ ఫోను ముందు కూర్చుని చెప్పాలి. రికార్డు చేసి దర్శిగారి పాదాల దగ్గర పెడితే పాపం కడుక్కుపోతుందట. పాపం పోతుందో లేదో, ఫైలు మాత్రం ఉంటుంది. అంత తెలివి మోటార్ల మీద పెట్టి ఉంటే కాలిపోకుండా నడిచేవి.

“ఏం చెప్పావు?”

రవిచంద్ర పోయిన రోజు సంగతి. రవిచంద్ర ఎలాంటి మొగుడో నాకు తెలుసు. తాగి కొట్టేవాడు. కొట్టిన మర్నాడు జడలోకి పూలు తెచ్చేవాడు. ఆరేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. అంతవరకే తెలుసు నాకు. ఆ రోజు మధ్యాహ్నం తాగొచ్చి పడుకున్నవాడు “కీర్తీ” అని పిలిచాడట. మళ్ళీ పిలిచాడట. ఈమె వంటింట్లో ఉంది.

“గొంతు తేడాగా ఉందని తెలుస్తూనే ఉందే. కుక్కరు కూతపెట్టేదాకా ఆగుదామనుకున్నాను. కూతపెట్టింది. స్టవ్ కట్టేశాను. అయినా కూర్చునే ఉన్నాను. హాయిగా ఉంది సుప్రజా. అంతసేపు అతను నన్ను పిలవడం, నేను వెళ్ళకపోవడం.”

తర్వాత వెళ్ళిందట. అప్పటికే అయిపోయింది. వెంటనే తెచ్చినా లాభం ఉండేది కాదన్నాడు డాక్టరు. దర్శిగారు మాత్రం, మొగుణ్ణి నువ్వే చంపావు, నీకు ఈ పథం తప్ప దిక్కులేదు అన్నాడు. నాలుగేళ్ళు వండిపెట్టించుకోవడానికి ఆ ఒక్క మాట సరిపోయింది.

“ఆ వీడియో మా అత్తయ్యకు పంపిస్తారు. ఆవిడకు ఒక్కడే కొడుకు.”

నేను ఏదో ఒకటి అనాలి. “నీ తప్పేం లేదు” అన్నాను. చాలా తొందరగా అన్నాను.

ఏప్రిల్ 28

స్టేషన్‌కు వెళ్ళి కంప్లయింట్ ఇచ్చాను. కీర్తికి చెప్పలేదు. చెబితే వద్దంటుంది. వద్దనడానికి కూడా ఆలోచించే శక్తి ఉండాలి కదా, అది ఆమెకు మిగిలిందా? ఎవరో ఒకరు ధైర్యం చేయాలి. ఇలాంటివాళ్ళు పోలీసు పేరు వింటే తోక ముడుస్తారు.

ఏప్రిల్ 30

తోక ముడవలేదు.

ఎస్సై ఆయన పని ఆయన చేశాడు. మాస్టార్ని పిలిపించి అడిగాడు. రోడ్డు మీద కూర్చుని పాట పాడుకుంటున్నాం సార్, అన్నారట మాస్టారు. ఇక ఆ ఇంటి దగ్గరికి వెళ్ళొద్దని చెప్పి పంపించాడు. మధ్యాహ్నం మాస్టారు నాకు ఫోన్ చేశారు.

“కేసుల దాకా వెళ్ళావా అమ్మాయ్. మా మీద మచ్చ పడకుండా చూసుకోవాలి కదా. అయితే సమర్పణ గురించి తెలియాల్సినవాళ్ళకు తెలియజేస్తాం. ఉంగుటూరులో పెద్దావిడ ఉన్నారుగా.”

స్పీకర్ ఆన్‌లో ఉంది. కీర్తి గుమ్మంలో నిలబడి వింది.

“ఎవరిమ్మన్నారు కంప్లయింట్?”

“నీ మంచికేనే. నువ్వు భయపడుతూ కూర్చుంటే...”

“ఆ మాట అక్కడ రోజూ వినేదాన్ని.”

“ఏ మాట?”

“నీ మంచికే. దుర్గకు ఇన్సులిన్ మానిపించినప్పుడు కూడా అదే అన్నారు. ఏ చీర కట్టుకోవాలో వాళ్ళు చెప్పేవాళ్ళు, ఇక్కడ నువ్వు చెబుతున్నావు. ఫోను వాళ్ళే ఇచ్చారు నాకు, మాట్లాడుకోమని. నువ్వు అది కూడా లాక్కున్నావు.”

“ఓహో! నేనూ ఆ దొంగవెధవా ఒకటేనా?”

“కాదు. నువ్వంటే నాకిష్టం. అందుకే నీ దగ్గర చెప్పడం ఇంకా కష్టం.”

ఆమె మెల్లగా మాట్లాడింది. మెల్లగా మాట్లాడేవాళ్ళంటే నాకు మంట.

మే 1

ఆమె నాతో మాట్లాడడం లేదు. నేనూ మాట్లాడడం లేదు. ఇది నా ఇల్లు.

మే 2

ఇంత చేస్తే ఇదా. కాయలు అమ్ముకోవాల్సిన రోజుల్లో వ్యాపారస్తుణ్ణి వదిలేసి ఈమెకు కాపలా కాశాను. రెండుసార్లు రాసి కొట్టేశాను, మూడోసారి కూడా అదే రాస్తున్నాను. నేనూ, వాడూ ఒకటి కాదు. వాడు లాభానికి చేశాడు. నాకేం లాభం?

ఆమె సరే అన్నప్పుడల్లా నాకు బాగుండేది. అది లాభం కాదు.

బీరువా తీసి ఫోను, సిమ్ తెచ్చి బల్ల మీద పెట్టాను. తీసుకుంది. “రేపు ఉంగుటూరు వెళ్తాను. మా అత్తయ్యకు నేనే చెబుతాను” అంది.

పిచ్చిపని అని అనబోయాను. “కారులో దింపనా?” అన్నాను.

“దింపు. లోపలికొస్తే మాత్రం మాట్లాడకు.”

మే 3

హనుమాన్ జంక్షన్ దాటేదాకా కీర్తి ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఏసీ తగ్గించమంది. నేను అడక్కుండానే తనకేం కావాలో చెప్పడం ఇదే మొదలు. తగ్గించాను.

సుబ్బరత్నమ్మ గారు వసారాలో మినప్పప్పు చెరుగుతున్నారు. కోడల్ని నాలుగేళ్ళ తర్వాత చూసి చేట పక్కన పెట్టారు. “సన్నబడ్డావే” అన్నారు. కాళ్ళకు నీళ్ళిచ్చారు. కీర్తి నీళ్ళు పోసుకుని, చెంగుతో తుడుచుకుని, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేసింది. కుక్కరు సంగతి కూడా. హాయిగా అనిపించిందన్న మాట కూడా. ఆ మాట వదిలేస్తుందేమోనని చూశాను. వదల్లేదు.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

“అమ్మా అని పిలిచాడా?”

“లేదత్తయ్యా. నన్నే పిలిచాడు.”

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. చాలాసేపు రాలేదు. కీర్తి చేట దగ్గరికి లాక్కుని మిగిలిన పప్పు చెరగడం మొదలుపెట్టింది. పద వెళ్దామని సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది. “వెళ్ళమనేదాకా ఉంటాను.”

ఒక్కదాన్నే తిరిగొచ్చాను. దారంతా ఆ ముసలావిణ్ణి తిట్టుకున్నాను. కొట్టిన కొడుక్కి ఒక్క మాట చెప్పని మనిషికి, కోడలి ముందు తలుపేసుకోవడానికి ఏం హక్కుంది? తర్వాత ఆ వసారాలో ఆవిడవి తప్ప ఇంకెవరి చెప్పులూ లేవని గుర్తొచ్చింది. తిట్టడానికి ఇంకెవరూ దొరకలేదు.

మే 5

కీర్తి ఫోన్ చేసింది. ఆవిడ వెళ్ళిపొమ్మనలేదట. మాట్లాడడం కూడా లేదట. కంచంలో అన్నం పెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతున్నారట. మాస్టారు రేపు వస్తున్నానని ఆవిడకే కబురు చేశారట.

“రానా?”

“రా. ఆ రోజులాగే.”

మాట్లాడకూడదని. తెలుసు.

మే 6

ఉంగుటూరు వెళ్ళేటప్పుడు ఎస్సై నంబరు, లాయరు నంబరు పెట్టుకున్నాను. డిక్కీలో మా ఆయన క్రికెట్ బ్యాటు కూడా ఉంది. ఇది ఎవరికీ చెప్పను.

మాస్టారు బస్సు దిగి నడిచి వచ్చారు. లాల్చీ చెమటకు తడిసి ఉంది. కీర్తి వైపు చూసి “సమర్పణా” అన్నారు. కీర్తి “కీర్తిప్రియ అండీ” అంది.

సుబ్బరత్నమ్మ గారు కుర్చీ వేయించారు. ఆయన కూర్చుని కళ్ళు మూసుకున్నారు. దర్శిగారి దగ్గర నేర్చుకున్న విద్య.

“అమ్మా, మీ మనసు కష్టపడుతుందనే ఇన్నాళ్ళూ దాచాం. మీ అబ్బాయి చివరి ఘడియ గురించి మీకు తెలియాలి. మీ కోడలే స్వయంగా...” అంటూ ఫోను తీశారు.

“అక్కర్లేదు లెండి. నాకు చెప్పింది.”

“పూర్తిగా చెప్పి ఉండదమ్మా. ఒక్కసారి చూస్తే...”

“మాస్టారూ, మీరు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. కన్నకొడుకు ఎలా చచ్చిపోయాడో తల్లికి చూపించడానికి, ఈ ఎండలో బస్సెక్కి వచ్చారా?”

ఆయన కళ్ళు తెరిచారు. చిరునవ్వు ఇంకా ఉంది, దాన్నేం చేయాలో ఆయనకు తెలియలేదు.

“ఊళ్ళో వాళ్ళకు కూడా...”

“చూపించండి. మా వాడు దాన్ని కొట్టేటప్పుడు ఈ వీధంతా విన్నారు. నేనూ విన్నాను. ఎవరం లేవలేదు. అవన్నీ ఎవరూ వీడియో తీయలేదు కాబట్టి మీకు తెలీదు.”

ఆవిడ లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చారు.

“తాగి వెళ్ళండి. బస్సు వచ్చే వేళైంది.”

లెక్కల మాస్టారు నీళ్ళు తాగారు. గ్లాసు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటే, కీర్తి లేచి అందుకుంది. ఆయన కీర్తి మొహం చూడలేదు. చెప్పులు వేసుకుంటుంటే ఒక కాలు జారింది. నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. ఆ మనిషి నాకు సమీకరణాలు నేర్పాడు. ఎవరో ఆయన చేత కూడా ఏదో వీడియోలో చెప్పించే ఉంటారు.

ఆయన వెళ్ళాక సుబ్బరత్నమ్మ గారు నాతో “భోంచేసి వెళ్ళమ్మా” అన్నారు. కోడలితో ఏమీ అనలేదు. ముగ్గురం భోంచేశాం. ఇంకో గరిటె పప్పు ఆవిడే కీర్తి కంచంలో వేశారు, మొహం పక్కకి తిప్పుకుని.

మే 14

వీడియో నలుగురైదుగురికి పంపారట. పక్కవీధిలో ఒకామె వచ్చి ఆరా తీసి వెళ్ళిందట. ఇంకొకామె మాట్లాడడం మానేసిందట. ఇంకొకామె మాత్రం వచ్చి, ఏమీ అడక్కుండా, వెళ్ళేటప్పుడు కీర్తి చెయ్యి గట్టిగా పట్టుకుని వెళ్ళిందట. ఆమె మొగుడు ఎలాంటివాడో ఆ వీధిలో అందరికీ తెలుసట.

తెలియని నంబర్ల నుంచి ఫోన్లు ఇంకా వస్తున్నాయి. కీర్తి ఎత్తుతోంది, “రాను” అంటోంది, పెట్టేస్తోంది. భయం పోలేదంది.

మే 22

రసాలు ఆఖరి కోత. సాయంత్రం కీర్తి ఫోన్ చేసింది. అత్తగారు ఇవాళ మాట్లాడారట. “ఆ పాలు పొంగుతున్నాయి చూడు” అన్నారట. పందొమ్మిది రోజుల తర్వాత మాట అదా అని నాకు నవ్వొచ్చింది. కీర్తి కూడా నవ్వింది. తర్వాత అంది:

“ఇక్కడ ఎన్నాళ్ళుండాలో తెలీడం లేదే. నూజివీడులో కాలేజీలో లెక్చరర్ పోస్టుందంటున్నారు. వెళ్ళనా? దుర్గను కూడా ఒకసారి చూసి రావాలనుంది. గేటు బయటి నుంచైనా. నువ్వేమంటావు?”

చాలా ఉంది నా దగ్గర. ఆ ఉద్యోగానికి వెంటనే అప్లై చెయ్యమనాలి. ఆ గేటు ఛాయలకు పోయావంటే కాళ్ళు విరగ్గొడతాననాలి. మా మేడ మీద గది ఖాళీగా ఉంది, వచ్చి పడమనాలి. అన్నీ మంచి మాటలే. అన్నీ ఆమె మంచికే.

“నువ్వేమనుకుంటున్నావు?” అన్నాను.

అవతల చాలాసేపు నిశ్శబ్దం. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు, ఊపిరి వినపడుతోంది. ఆలోచిస్తోంది. ఎంతసేపు ఆలోచిస్తుందో ఈ మనిషి! నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లు మూసుకున్నాను.

నా జన్మలో ఇంత కష్టమైన పని ఎప్పుడూ చేయలేదు.